బోటు దిగాక మూడు గంటలే ఉంటే: గోదావరి రేవుల్లో ఏం చూడాలి, ఎలా చూడాలి

మీరు అడిగింది ఇదీ. హైదరాబాద్ నుంచి అమ్మానాన్నలు, ఇద్దరు పిల్లలతో కలిపి ఆరుగురు వస్తున్నారు. జనవరిలో మూడు రోజులు. మొదటి రోజు రాజమండ్రిలో బోటు, రెండో రోజు దిండిలో హౌస్‌బోటు, అక్కణ్ణుంచి అంతర్వేది వైపు, మూడో రోజు యానాం, కోరంగి. దిగిన ప్రతిచోటా మూడు నాలుగు గంటలకు మించి ఉండదు. ఆ కాస్త టైములో ఊరి చరిత్ర, అక్కడి మనుషుల బతుకు ఎంతో కొంత తెలియాలి, ఓ ప్రదక్షిణ చేసి ఓ సెల్ఫీ దిగి వచ్చేయడం ఇష్టం లేదు అన్నారు. నాన్నగారికి మోకాళ్ళ నొప్పులని కూడా రాశారు.

మాది కోనసీమేనండి. ముందు చుట్టాల్ని, తర్వాత వాళ్ళ స్నేహితుల్ని, ఆ తర్వాత డబ్బులిచ్చి పిలిచేవాళ్ళని ఏళ్ళ తరబడి ఈ రేవుల వెంట తిప్పుతున్నాను. మీ ప్లాన్ చూశాక ముందుగా చెప్పాల్సింది ఒకటుంది. ఒక్కో రేవుకి ఐదేసి చోట్లు రాసుకున్నారు. వాటిలో నాలుగు కొట్టేయండి. మూడు గంటల్లో ఐదు చోట్లంటే కారులో కూర్చోవడం, చెప్పులు విప్పడం, మళ్ళీ తొడుక్కోవడంతోనే సరిపోతుంది. అమ్మానాన్నలకి ఒళ్ళు హూనం, పిల్లలకి విసుగు.

మిగిలిన ఆ ఒక్క చోటు ఎలా ఎంచుకోవాలి? నేను వాడే కొలత ఒకటే. డెల్టాలో ఊళ్ళకి రోడ్లు వచ్చింది నిన్న మొన్న. అంతకుముందు అన్నీ నీళ్ళ మీదే వచ్చాయి, నీళ్ళ మీదే పోయాయి. కాబట్టి రేవులో దిగగానే ఒక ప్రశ్న వేసుకోండి: పడవ ఈ ఊరికి ఏం తెచ్చింది, ఇక్కణ్ణుంచి ఏం పట్టుకెళ్ళింది? దానికి జవాబు ఏ చోట కళ్ళకి కనబడుతుందో అక్కడికి వెళ్ళండి. మీ దారిలో ఉన్న ఊళ్ళన్నింటికీ ఈ ప్రశ్న పనికొస్తుంది.

రాజమండ్రిలో పుష్కర ఘాట్ దగ్గర బోటు ఎక్కితే హేవలాక్ బ్రిడ్జి, దాని పక్కన రోడ్డూ రైలూ కలిసిన బ్రిడ్జి, ఆర్చి బ్రిడ్జి అన్నీ కనిపిస్తాయి. హేవలాక్ బ్రిడ్జి మీద 1900లో రైళ్ళు మొదలై 1997 దాకా నడిచాయి. అది బోటులోంచే చూసేయొచ్చు, దానికోసం విడిగా దిగక్కర్లేదు. దిగాక ఊళ్ళో ఒక్క చోటుకి టైముంటే కందుకూరి వీరేశలింగం గారి ఇంటికి వెళ్ళండి. తొలి వితంతు వివాహం ఆయన చేయించింది ఈ ఊళ్ళోనే, 1881 డిసెంబర్ 11న. ఈ తారీఖు గుర్తుపెట్టుకోండి, యానాంలో మళ్ళీ పనికొస్తుంది.

కానీ నన్నడిగితే మొదటి రోజు అసలు ఆగాల్సింది ధవళేశ్వరంలో. రాజమండ్రి నుంచి ఆటోలో వెళ్ళిపోవచ్చు. మీరు తర్వాత రెండు రోజులూ చూడబోయే పచ్చదనం అంతా ఇక్కడ మొదలవుతుంది. 1832-33లో నందన కరువు వచ్చింది. ఆ కాలంలో కరువులకీ, తుఫాన్లకీ ఈ జిల్లాలో జనం పిట్టల్లా రాలిపోయారు, ఊళ్ళు ఖాళీ అయ్యాయి. పక్కనే గోదావరి నిండుగా పారుతూ సముద్రంలో కలిసిపోయేది. ఆర్థర్ కాటన్ 1847లో ఆనకట్ట పని మొదలుపెట్టించాడు, 1852కి పూర్తయింది. సూత్రం చూస్తే చాలా సింపుల్. నదికి అడ్డంగా కట్టి నీటిమట్టం లేపితే చాలు, ఏ ఇంజనూ అక్కర్లేకుండా పల్లానికి నీళ్ళు వాటంతటవే కాలువల్లోకి పోతాయి. తూర్పు డెల్టా, మధ్య డెల్టా, పశ్చిమ డెల్టా అని మూడు కాలువల కింద ఇవాళ సుమారు 10 లక్షల ఎకరాలు సాగవుతున్నాయి.

ఇప్పుడు మీకు కనిపించేది పాత ఆనకట్ట కాదు, దాని స్థానంలో కట్టిన బ్యారేజీ. 175 గేట్లు. మధ్యలో లంకలు అడ్డం రావడంతో ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా ఉంటుంది. ఒడ్డునే కాటన్ మ్యూజియం ఉంది. పిల్లలతో వెళ్తే గంట చాలు. అక్కడ ఆనకట్ట నమూనా ముందు నిలబెట్టి నీళ్ళు ఎటు వెళ్తాయో వేలితో చూపించమనండి. పదేళ్ళ పిల్లాడికి పుస్తకం కంటే త్వరగా అర్థమవుతుంది. కాటన్ దొర పేరు ఇక్కడి రైతులు దేవుడి పేరులా తలుచుకుంటారు, ఊరూరా ఆయన విగ్రహాలు కనిపిస్తాయి. ఆయనతో పాటు పనిచేసిన వీణం వీరన్న గురించి కూడా పిల్లలకి చెప్పండి. కూలీల్ని కూడగట్టడం దగ్గర్నుంచి పని నడిపించడం దాకా ఆయన చెయ్యి లేనిదే ఆ ఆనకట్ట లేచేది కాదంటారు ఇక్కడి పెద్దలు.

ఆ కాలువలు పొలాలకే కాదు, పడవలకి కూడా. ధాన్యం, కొబ్బరి, కలప, పెళ్ళివారు అన్నీ కాలువల మీదే వెళ్ళేవి. కాలువ ఒకచోట ఎత్తుగా, ముందుచోట పల్లంగా ఉంటుంది కదా, మరి పడవ ఎలా దిగుతుంది? దానికే లాకులు. రెండు తలుపుల మధ్య పడవని ఆపి, నీళ్ళు వదిలి, మట్టం సమానం చేసి, రెండో తలుపు తీస్తారు. మీరు రాజమండ్రి నుంచి దిండికి ఎలాగూ కారులోనే వెళ్ళాలి. హైవే మీద కాకుండా బ్యారేజీ మీంచి బొబ్బర్లంక దిగి, ఆత్రేయపురం, లొల్ల మీదుగా రావులపాలెం చేరండి. లొల్ల లాకుల దగ్గర పది నిమిషాలు ఆగండి. సినిమా వాళ్ళు పాటలు తీసుకునే చోటు. మీరు మాత్రం ఆ తలుపుల వైపు చూడండి.

ఆత్రేయపురంలో పూతరేకులు కొనేది ఎలాగూ కొంటారు. అయితే రోడ్డు మీద డబ్బాలు పేర్చిన కొట్టు ముందు ఆపకుండా, రేకు తీసే ఇంటికి తీసుకెళ్ళమని డ్రైవర్‌ని అడగండి. పొయ్యి మీద ప్రత్యేకంగా చేయించిన కుండ బోర్లించి ఉంటుంది. కింద ఎండు కొబ్బరాకు మంట. ఆవిడ పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి, రెండు చేతులా సాగదీసి పట్టుకుని కుండ మీద ఒక్క లాగు లాగుతుంది. గుడ్డ దాటీ దాటకముందే కుండకి తెల్లటి పొర అంటుకుని అంచులు లేస్తాయి. గోటితో ఆ అంచు పట్టుకుని లేపితే రేకు మొత్తం ఊడి వస్తుంది, అటువైపు మనిషి కనిపించేంత పల్చగా. మంట కాస్త ఎక్కువైతే మాడుతుంది, తక్కువైతే ఊడదు, మాటల్లో పడితే చిరుగుతుంది. అందుకే పని జరుగుతుండగా ప్రశ్నలు అడక్కండి, ఆవిడ ఆగినప్పుడు అడగండి. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ గుర్తింపు వచ్చింది, అంటే ఫలానా ఊరి సరుకు అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు. వచ్చాక కొట్లు పెరిగాయి. రేకు తీసే చేతులకి ఎంత పెరిగిందో అడిగి చూడండి, మొహం మీదే చెప్పేస్తారు.

ఇక దిండి. హౌస్‌బోటు గురించి ఒక మాట ముందే చెప్పాలి. బ్రోచర్లో ఏం రాసినా, బోటు వశిష్ఠ పాయలో కొంత దూరం తిప్పి రాత్రికి కట్టేస్తుంది. రేవు రేవుకీ ఆగుతూ సముద్రం దాకా తీసుకెళ్తుందనుకోకండి. అంతర్వేదికి బోటు అని డబ్బు కట్టించుకుని, తీరా ఆటు ఉంది, ఇసుక మేటలు ఉన్నాయి అని సగంలో తిప్పేసినవాళ్ళని చూశాను. కాబట్టి బోటుని విశ్రాంతికి ఉంచుకుని, మర్నాడు కారు మాట్లాడుకోండి. అమ్మానాన్నలు బోటులో ఉండిపోతామన్నా ఇబ్బంది లేదు. తెల్లవారుజామున ఆరింటికి మాత్రం అందరూ పైకి రండి. వలలు లాగే టైము అది.

రెండో రోజు నేను తిప్పే దారి ఇదీ. చించినాడ బ్రిడ్జి దాటి పాలకొల్లు, అక్కణ్ణుంచి నర్సాపురం, అక్కడ పంటు ఎక్కి అవతల సఖినేటిపల్లి, అక్కణ్ణుంచి అంతర్వేది, సాయంత్రానికి మళ్ళీ దిండి. పాలకొల్లులో క్షీరారామ గోపురం 120 అడుగులు, తొమ్మిది అంతస్తులు, పంచారామాల్లో ఒకటి. పొద్దున్నే అయితే దర్శనం చేసుకోండి. ఆలస్యమైతే బయట్నుంచే దణ్ణం పెట్టుకుని ముందుకి కదలండి.

నర్సాపురంలో మాత్రం ఆగాలి. 17వ శతాబ్దంలో ఇక్కడ ఓడలు కట్టేవారు. డచ్చివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు ఇక్కడికీ, పక్కన ఉన్న మాధవాయిపాలేనికీ బట్టల కోసం వచ్చేవారు. అవన్నీ పోయాయి, చూపించడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. మిగిలింది లేసు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు ఇక్కడి ఆడవాళ్ళకి క్రోషా అల్లిక నేర్పించారు. అది ఊళ్ళు దాటి, కులాలు దాటి పాకింది. ఇవాళ నర్సాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఏ సందులోకి వెళ్ళినా మధ్యాహ్నం అన్నాలయ్యాక అరుగు మీద ఎవరో ఒకరు అల్లుతూ కనిపిస్తారు. ఒళ్ళో దారపు ఉండ, కుడిచేతిలో చివర కొక్కెం ఉన్న చిన్న సూది, కళ్ళు మాత్రం వీధిలోకి. చేతులు చూసుకోరు. టీపాయ్ మీద పరిచే గుండ్రటి లేసుకి మధ్యలో పువ్వు ముందు అల్లుతారు, తర్వాత రేకలు, చివర్న అంచు. పెద్ద దుప్పటి అయితే తలో ముక్కా పది ఇళ్ళలో అల్లి, ఇంకో ఇంట్లో అతుకుతారు. ఏ ఒక్కరూ పూర్తి దుప్పటి చూడరన్నమాట.

ఈ లేసు ఎక్కువగా పోయేది విదేశాలకే. మధ్యలో ఏజెంట్లు, ఎగుమతిదారులు ఉంటారు, అల్లినవాళ్ళకి దక్కేది అతి తక్కువ. 2024లో దీనికి కూడా జీఐ వచ్చింది. రుస్తుంబాదలో లేసు పార్కు ఉంది, అక్కడ కొనొచ్చు. వీలైతే నేరుగా అల్లినావిడ దగ్గరే కొనండి, కొనేటప్పుడు బేరం ఆడకండి. కూరగాయల దగ్గర ఆడినా పర్లేదు గానీ, రెండ్రోజుల కంటి కష్టం దగ్గర ఇరవై రూపాయలు తగ్గించుకుని మనం బావుకునేది లేదు. ఫొటో తీసేముందు 'అమ్మా, తీసుకోవచ్చా' అని ఒక్క మాట అడగండి, చాలావరకు సరేనంటారు, కాఫీ కూడా ఇస్తారు. మీ అమ్మగారిని ముందు నడవమనండి. ఆవిడ వెళ్ళి పక్కన కూర్చుంటే మాట దానంతటదే మొదలవుతుంది. కెమెరా పట్టుకుని మీరు ముందు వెళ్తే ఎవరో టీవీవాళ్ళనుకుంటారు.

అక్కణ్ణుంచి రేవుకి. పంటు అంటే తెలియకపోతే, బల్లపరుపుగా ఉండే పెద్ద పడవ, మీద కార్లు, బైకులు, మనుషులు, పాల క్యాన్లు, ఒక్కోసారి మేకలు. ఇక్కడ వంతెన కడతామని ఎన్ని ఎన్నికల్లో విన్నామో లెక్కలేదు, ఇప్పటికీ పంటే గతి. కారు దిగి అంచున నిలబడండి. మీరు డబ్బులిచ్చి ఎక్కిన హౌస్‌బోటు కంటే ఈ పది నిమిషాల్లో గోదావరి జిల్లా ఎక్కువ కనిపిస్తుంది. పెళ్ళి కార్డులు పంచడానికి వెళ్ళేవాళ్ళు, కాలేజీ పిల్లలు, ఆసుపత్రికి వెళ్ళే ముసలాయన, అందరూ ఇందులోనే. ఎవరింటికి వెళ్తున్నారండి అని వాళ్ళే పలకరిస్తారు. ఆయ్, అదేం ఆరా తీయడం కాదు, మా దగ్గర మర్యాద.

అంతర్వేది చాలామందికి నరసింహస్వామి గుడి, బీచి, అంతే. మన ప్రశ్న ఇక్కడ వేసి చూడండి. ఇప్పుడున్న గుడి 1823లో పూర్తయింది. కట్టించింది రాజు కాదు, జమీందారు కాదు, ఓడల మీద వ్యాపారం చేసిన కొపనాతి కృష్ణమ్మ. సముద్రంలో తప్పిపోయిన తన ఓడలు తిరిగొస్తే గుడి కట్టిస్తానని ఆయన మొక్కుకున్నాడని ఊళ్ళో చెప్పుకుంటారు. అంటే రెండు వందల ఏళ్ళ కిందట ఈ తీరంలో ఇంత గుడి కట్టించగలిగేంత డబ్బు ఓడల్లో వచ్చేదన్నమాట. ఇప్పటికీ స్వామివారి ఉత్సవాల్లో చేపల వేట, పడవల మీద బతికే అగ్నికుల క్షత్రియులది పెద్ద పాత్ర. 2020 సెప్టెంబర్‌లో పాత రథం కాలిపోయినప్పుడు ఎంత గొడవయిందో మీకు గుర్తుండే ఉంటుంది, తర్వాత కొత్తది చేయించారు. భీష్మ ఏకాదశి రథోత్సవానికి లక్షల్లో జనం వస్తారు. మీ తేదీలు దానితో కలిస్తే పిల్లలతో ఆ రోజు మాత్రం వద్దు.

గుడి నుంచి అన్నాచెల్లెళ్ళ గట్టు దాకా వెళ్ళండి. వశిష్ఠ నది సముద్రంలో కలిసే చోటు అదే. నీళ్ళ రంగు రెండుగా చీలి కనిపిస్తుంది. చూడ్డానికి బాగుంటుందని పిల్లల్ని దింపకండి. అక్కడ లోతూ, లాగూ రెండూ ప్రమాదమే. గోదావరి ఒడ్డున పుట్టినవాళ్ళం మేమే దిగం.

ఒక్క హెచ్చరిక. ఇక్కడ గుళ్ళు దాదాపు అన్నీ మధ్యాహ్నం మూసి సాయంత్రం తెరుస్తారు. బోటువాళ్ళు మిమ్మల్ని ఒంటిగంటకి దింపి నాలుగింటికి ఎక్కించుకుంటే గుడి మీ ప్లాన్లోంచి పోయినట్టే. అలాంటప్పుడు టెన్షన్ పడకుండా ఆ మూడు గంటలూ లేసు అల్లే వీధికో, కొబ్బరి దింపే తోటకో ఇవ్వండి. అంబాజీపేట వైపు ఉంటే పొట్టిక్కలు తినండి, పనసాకు బుట్టల్లో ఉడికించిన ఇడ్లీ.

మూడో రోజు దిండి నుంచి యానాం వెళ్ళే దారిలో చాలామంది దాటేసి వెళ్ళిపోయే చోటొకటి ఉంది. ఆదుర్రు. మామిడికుదురు దగ్గర, వైనతేయ పాయ ఒడ్డున. పైకి చూస్తే కొబ్బరి తోటల మధ్య ఇటుకల దిబ్బ, చుట్టూ పురావస్తు శాఖ కంచె. దుబరాజు గుడి అంటారు ఊళ్ళో. దగ్గరికెళ్తే బండి చక్రంలా పేర్చిన ఇటుకల పునాది కనిపిస్తుంది, అది బౌద్ధ స్తూపం. అశోకుడి కూతురు సంఘమిత్ర సింహళం వెళ్తూ ఇక్కడ ఆగిందని స్థానికంగా కథ చెబుతారు. కథ సంగతి ఎలా ఉన్నా, సముద్రానికి ఇంత దగ్గర్లో, నది పాయ పక్కన స్తూపం ఉందంటే ఓడ ఎక్కే జనం ఇటుగా నడిచారనే కదా. పది నిమిషాల్లో చూసేయొచ్చు, టిక్కెట్టు గొడవ ఉండదు. మా దగ్గర బౌద్ధం అంటే అందరూ అమరావతి, నాగార్జునకొండ వైపే చూస్తారు, ఈ దిబ్బని పట్టించుకునేవాళ్ళు తక్కువ.

ఎదుర్లంక బ్రిడ్జి దాటితే యానాం. ఇక్కడ చూడాల్సింది యానాం ఈఫిల్ టవర్ అని పిలిచే ఎత్తైన టవరు కాదు. చుట్టూ ఆంధ్రా, మధ్యలో ఈ ముక్క వందల కిలోమీటర్ల అవతలి పుదుచ్చేరి పాలనలో ఎందుకుంది అన్నది చూడాలి. ఫ్రెంచివాళ్ళు ఇక్కడ 1723లో వర్తక స్థావరం పెట్టారు. గౌతమి పాయ, దాన్నుంచి చీలే కోరంగి పాయ, రెండూ చేతికందేలా ఉన్న చోటు మరి. 1954 జూన్‌లో దడాల రఫేల్ రమణయ్య లాంటివాళ్ళ నాయకత్వంలో ఊరు ఫ్రెంచి పాలన వదిలించుకుంది, చట్టప్రకారం అప్పగింత 1962లో పూర్తయింది. గోదావరి గట్టు మీద నడుస్తూ పాత చర్చి దాకా వెళ్ళండి, 19వ శతాబ్దం నాటిది. ఇప్పటికీ ఫ్రెంచి పౌరసత్వం ఉన్న కుటుంబాలు కొన్ని ఉన్నాయి ఊళ్ళో.

వీరేశలింగం తారీఖు గుర్తుపెట్టుకోమన్నాను కదా. 1929లో శారదా చట్టం వచ్చి బ్రిటిష్ ఇండియాలో బాల్యవివాహాలు నేరమయ్యాయి. ఆ చట్టం యానాంలో వర్తించదు, ఫ్రెంచివాళ్ళది కాబట్టి. ఇంకేముంది, చుట్టుపక్కల జిల్లాల నుంచి పెళ్ళివారు పిల్లల్ని ఎత్తుకుని పడవలెక్కి యానాం వచ్చి పెళ్ళిళ్ళు చేసుకుపోయేవారు. ఊరికి కల్యాణపురం అని పేరు కూడా పడింది. అదే గోదావరి, ఎగువన వితంతువులకి మళ్ళీ పెళ్ళి చేసిన ఊరు, దిగువన చట్టం తప్పించుకుని పసిపిల్లలకి పెళ్ళి చేసిన ఊరు. మీ పిల్లలకి ఇది చెప్పండి. మ్యూజియంలో ఏ అద్దాల పెట్టెలోనూ దొరకదు. మీ నాన్నమ్మల తరంలో ఎవరికైనా యానాంలో పెళ్ళయిందేమో ఇంట్లో కనుక్కుని రండి, గోదావరి జిల్లాల మూలాలుంటే దొరకొచ్చు.

పులస గురించి అడిగారు. పుస్తెలమ్మైనా పులస తినాలి అన్నది నిజమే గానీ, అది వరద నీటికి ఎదురీదుతూ వచ్చే చేప, ఆగస్టు, సెప్టెంబర్‌ల సంగతి. జనవరిలో పులస అని ఎవరైనా అమ్మితే దణ్ణం పెట్టి వచ్చేయండి. ఇంకోటి, యానాంలో మందు చౌక అని సీసాలు కారులో వేసుకుని ఆంధ్రాలోకి దాటిస్తే చెక్‌పోస్టు దగ్గర మీ ట్రిప్పు అక్కడితో అయిపోతుంది.

చివరిది కోరంగి. నాకు అన్నింటికంటే ఇష్టమైనది, చూడ్డానికి తక్కువ ఉన్నదీ ఇదే. ఒకప్పుడు ఈ తీరంలో పెద్ద రేవు. ఓడలు ఇక్కడ కట్టేవారు, బాగుచేసేవారు. 1789లో ఒక తుఫాను, 1839 నవంబర్ 25న ఇంకోటి, ఉప్పెన లోపలికి తన్నుకొచ్చి రేవునీ, ఊళ్ళనీ ఊడ్చేసింది. పోయినవాళ్ళ లెక్క లక్షల్లో చెబుతారు. ఆ తర్వాత కోరంగి తేరుకోలేదు, ఒండ్రు పూడిపోయి కాకినాడ పైకొచ్చింది. అప్పటికీ, ఆ తర్వాత కూడా ఇక్కణ్ణుంచి పడవ పట్టుకెళ్ళింది మనుషుల్ని. చెరకు తోటల్లో కూలికి మారిషస్ వెళ్ళిన తెలుగువాళ్ళలో కోరంగిలో ఓడ ఎక్కినవాళ్ళున్నారు. బర్మా వెళ్ళిన తెలుగు కూలీలని రంగూన్‌లో కోరంగీలనే పిలిచేవారు. ఊరు చితికిపోయినా పేరు మాత్రం సముద్రం దాటింది.

ఇప్పుడు అక్కడ మీకు కనిపించేది మడ అడవి. 1978లో అభయారణ్యంగా ప్రకటించారు, 235 చదరపు కిలోమీటర్లు. చెక్క వంతెన మీద నడుస్తుంటే రెండు పక్కలా బురదలోంచి వేళ్ళు పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. బురదలో గాలాడదు కాబట్టి ఆ చెట్లు వేళ్ళని పైకి పంపి గాలి పీలుస్తాయి. తెల్లమడ, తిల్ల చెట్లు ఎక్కువ. తిల్ల కొమ్మ తుంచితే పాలు కారతాయి, కంట్లో పడితే ప్రమాదం, పిల్లలకి ముందే చెప్పండి. ఆటు పోటుల మధ్య ఒండ్రుని ఈ వేళ్ళే పట్టి ఉంచుతాయి. 1839 కథ విన్నాక ఈ అడవిని చూస్తే ఇది ఎందుకు ఉండాలో వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. మా తరానికైతే 1996 నవంబర్ తుఫాను చాలు, కోనసీమలో కొబ్బరి చెట్లు మొదలంటా కూలిన రాత్రి అది.

కోరంగిలో బోటు పోటు ఉన్నప్పుడే తిరుగుతుంది. ఆటుకి పాయలో నీళ్ళుండవు, బోటు బురదలో కూర్చుంటుంది. పోటు టైము రోజుకింత జరుగుతుంటుంది కాబట్టి ముందురోజు సాయంత్రమే అక్కడికి ఫోన్ చేసి కనుక్కుని, యానాం ముందా కోరంగి ముందా అన్నది దాన్నిబట్టి తేల్చుకోండి. ఇది చేయక చెక్క వంతెన మీద ఫొటోలతో వెనక్కి వెళ్ళేవాళ్ళే ఎక్కువ.

గంటన్నర మిగిలితే ద్రాక్షారామం. భీమేశ్వరుడి లింగం రెండంతస్తుల ఎత్తు, పైభాగం దర్శనానికి మెట్లెక్కాలి, నాన్నగారు కింద నుంచే చేసుకోవచ్చు. దర్శనం అయ్యాక మండపంలో స్తంభాల మీద చెయ్యి పెట్టకుండా దగ్గరగా చూడండి, అన్నీ రాతలే. వందల శాసనాలున్నాయి. వాటిలో చాలావాటి సారం ఇదే: ఫలానావారు స్వామికి అఖండ దీపం పెట్టించారు, దానికోసం ఇన్ని గొర్రెల్ని ఇచ్చారు, వాటిని ఫలానా కాపరి మేపుకుంటూ గుడికి రోజూ ఇంత నెయ్యి పోయాలి. మొదలుపోకుండా వడ్డీ వచ్చే ఏర్పాటు, ఇప్పటి ఫిక్స్‌డ్ డిపాజిట్. వెయ్యేళ్ళ కిందటి లిపి మనకి చదవరాదు, కానీ ఒకటి రెండు అక్షరాలు గుర్తుపట్టే పోటీ పెడితే పిల్లలు అక్కణ్ణుంచి కదలరు.

మీ తేదీలు సంక్రాంతి మీద పడితే మాత్రం ప్లాన్ అంతా మార్చండి. గదులు దొరకవు, రేట్లు మూడింతలు, పందేల ట్రాఫిక్కు. అయినా రావాలనుకుంటే కనుమ రోజు జగ్గన్నతోటకి రండి, మొసలపల్లి దగ్గర. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పదకొండుమంది రుద్రుల ప్రభల్ని భుజాల మీద మోసుకొస్తారు. గంగలకుర్రు ప్రభలు కౌశిక కాలువ దాటే దృశ్యం ఒక్కటి చూసినా చాలు, ఇంకేం చూడక్కర్లేదు ఆ రోజుకి. 2027లో పుష్కరాలున్నాయి, ఆ ఏడు జూన్, జూలై వైపు ఇలాంటి తీరుబడి ట్రిప్పు పెట్టుకోకండి.

వానాకాలంలో ఎవరైనా ఇదే దారిలో రావాలనుకుంటే, ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం వార్తల్లో చూసుకోవాలి. 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక వచ్చిందంటే బోట్లు, పంట్లు ఆగిపోతాయనే అనుకోండి. ఏ కాలమైనా లైఫ్ జాకెట్ లేకుండా బోటు కదలనివ్వకండి. 2019 సెప్టెంబర్‌లో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగి ఏం జరిగిందో ఈ నది మీద పనిచేసే ఎవరూ మర్చిపోలేదు. జాకెట్ అడిగితే 'ఏం కాదులెండి' అనే బోటు ఎక్కొద్దు, వెనక ఇంకోటి వస్తుంది.

నాన్నగారి మోకాళ్ళ సంగతి. పుష్కర ఘాట్ మెట్లు ఎక్కువ, కానీ పట్టుకోవడానికి రెయిలింగ్ ఉన్న చోటు చూసుకుంటే దిగొచ్చు. పంటు మీదకి కారులోనే వెళ్ళిపోవచ్చు. కోరంగిలో చెక్క వంతెన చదునుగానే ఉంటుంది. ఇబ్బంది హౌస్‌బోటు దగ్గరే. ఒడ్డుకీ బోటుకీ మధ్య వేసే చెక్క ఆటుకి కిందకి వాలిపోతుంది, తడిగా ఉంటే జారుతుంది. బుక్ చేసేటప్పుడే కింది అంతస్తులో గది అడగండి, పోటు ఉన్న టైములో ఎక్కించమనండి, చెక్క మీద మీరు వెనక నుంచి పట్టుకోకుండా ముందు నిలబడి చెయ్యి ఇవ్వండి.